గుర్గావ్ మైదానంలో దాలమ్మ

ఢిల్లీ వెళ్ళి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరూ ఒకటే అడుగుతున్నారు. ఎర్రకోట చూశావా? చలికి తట్టుకున్నావా? ఎర్రకోట చూడలేదు. చలి పెద్దగా లేదు, మాఘం చివర కదా. నేను చూసింది వేరే. ఒక ఆడమనిషిని వానలో కూర్చోబెట్టి ఏడిపించి, ఆ ఏడుపు ఎంత బాగుందో అని చప్పట్లు కొట్టి, ఆమెను అక్కడే వదిలేసి తిండి కొట్ల వైపు వెళ్ళిపోయిన జనాన్ని చూశాను. ఆ ఆడమనిషి కథలో మనిషే, కాదనను. అయినా నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాసేద్దామని మిషను మీద గుడ్డ కప్పి కూర్చున్నాను.

నేను పార్వతీపురం దగ్గర చిన్న టౌనులో జాకెట్లు కుట్టుకునే మనిషిని. బడి తొమ్మిదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా మా శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. చరిత్ర, భూగోళం, ఏ దేశం వాళ్ళు ఏ వాయిద్యం వాయిస్తారు, అన్నీ ఆ చెక్క బీరువాల దగ్గరే నేర్చుకున్నాను. హిందీ కూడా అక్కడే. పరీక్షలు రాసి ప్యాసయ్యాను. ఆ హిందీయే నన్ను ఢిల్లీ తీసుకెళ్ళింది.

మా పక్క ఊళ్ళో అప్పలనరసమ్మ అని జముకుల కథ చెప్పే ఆవిడ ఉంది. నేను పిన్నీ అంటాను. జముకు అంటే ఒక డొల్ల డబ్బా. ఒక వైపు తోలు, ఆ తోలు మధ్యలోంచి ఒక నరం బయటికి వస్తుంది. డబ్బా చంకలో ఇరికించుకుని నరాన్ని లాగి మీటితే తోలు మూలుగుతుంది. పిన్ని కథ చెబుతుంది, ఆమె తమ్ముడు సన్నాసి జముకు మీటుతాడు, గురయ్య అనే ముసలాయన మధ్యమధ్య నవ్విస్తూ వంత పాడతాడు. ఎవరో ఫోనులో తీసి పెట్టిన వీడియో చూసి, ఢిల్లీ పక్కన గుర్గావ్‌లో జరిగే పాటల పండగకి రమ్మని వీళ్ళకి కబురొచ్చింది. అమెరికా వాళ్ళ బ్లూస్, బాంజోతో పాడే బ్లూగ్రాస్, మన దేశంలో రకరకాల జానపదాలు, అన్నీ ఒకే వేదిక మీద అట. వీళ్ళకి హిందీ రాదు. "రవణమ్మా, నువ్వొస్తే ఎల్తాం, లేపోతే మానెస్తాం" అంది పిన్ని. కొట్టుకి తాళం వేశాను.

మునిర్కా

మిగతా కళాకారుల్ని ఢిల్లీలో సాకేత్ పేటలో హోటల్లో పెట్టారు. మమ్మల్ని మునిర్కా పేటలో పెట్టారు. సందు ఎంత ఇరుకంటే, పైన అటు మేడ బాల్కనీలోంచి ఇటు మేడ బాల్కనీలోకి ఉప్పు అందించుకోవచ్చు. మధ్యలో కరెంటు తీగలు సాలెగూడులా అల్లుకుని ఆకాశమే కనపడదు. అద్దె గదుల్లో అంతా విశ్వవిద్యాలయాల పిల్లలు. ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు చాలామంది. హోటల్ నిండిపోయిందన్నారు. నిండిపోతే నిండిపోయింది, నిండినప్పుడు మిగిలిపోయేది ఎప్పుడూ మేమే ఎందుకవుతాం అని నా బాధ.

ఇల్లుగలావిడని అందరూ ఆంటీజీ అంటారు. తలుపు తీసి నా హిందీ విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అరే బేటీ, నువ్వు మాట్లాడుతుంటే రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంది!"

"పుస్తకాల్లో నేర్చుకున్నానండీ" అన్నాను.

"అచ్ఛా అచ్ఛా. ఈ డబ్బా ఏంటి, పచ్చడి జాడీయా?"

నేను తర్జుమా చేసేలోపే గురయ్యకి అర్థమైపోయింది. "పచ్చడే అని సెప్పమ్మా. కారంగుంటాదని సెప్పు" అన్నాడు. సన్నాసి నరం ఒకసారి మీటాడు. ఆ మూలుగుకి ఆంటీజీ రెండడుగులు వెనక్కి వేసి, పకపకా నవ్వి, మెంతికూర పరాఠాలు పంపించింది. మన రొట్టెకీ వాళ్ళ పరాఠాకీ తేడా వెన్న. అంత వెన్న మా ఇళ్ళల్లో పెళ్ళివారికి కూడా పెట్టం.

జముకు చప్పుడు విని పై అంతస్తు నుంచి ఒక కుర్రాడు దిగి వచ్చాడు. పేరు డేనియల్, షిల్లాంగ్ మనిషి, పీహెచ్‌డీ చేస్తూ బాంజో వాయిస్తాడు. ఆ పండగలో వాళ్ళదీ ఒక బృందం ఉందట. బాంజో చూపించాడు. పిన్ని దాని మొహం మీద వేలితో తట్టి చూసింది.

"సన్నాసీ, దీనికీ మన్నాగే మొకం బిగించినార్రా!"

బాంజో అమెరికాలో పుట్టలేదనీ, ఆఫ్రికా నుంచి బానిసలుగా తీసుకెళ్ళినవాళ్ళు సొరకాయ బుర్రకి తోలు బిగించి చేసుకున్న వాయిద్యానికి మనవడనీ నేను చెప్పాను. డేనియల్ కళ్ళు పెద్దవి చేసి, "దీదీ, మీరు ఏ యూనివర్సిటీ?" అన్నాడు. శాఖా గ్రంథాలయం అన్నాను. మర్యాదగా తలూపాడు. అది ఏ ఊళ్ళో విశ్వవిద్యాలయం అనుకున్నాడో తెలియదు.

సాకేత్

ఆ సాయంత్రం కళాకారులందర్నీ సాకేత్ హోటల్‌కి పిలిచారు. పెద్ద పెద్ద మాల్స్ మధ్య అద్దాల హోటల్. లోపల మెడలో వేసుకునే కార్డులు పంచారు. డేనియల్ కార్డు మీద సంగీతకారుడు అని ఉంది. మా కార్డుల మీద పేర్లు లేవు, 'జానపద బృందం, ఆంధ్ర' అని మాత్రమే. నలుగురికీ ఒకటే. గురయ్య తన కార్డు తిప్పి తిప్పి చూసుకుని, "నా ఒక్కడి మీదే బృందం అని రాసీసినారు. బలం బాగుంది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

కార్యక్రమం చూసుకునే అమ్మాయి పేరు ఇషిత. చెడ్డపిల్ల కాదు. పరిగెత్తుతూనే ఉంటుంది, మాట్లాడుతూనే ఉంటుంది, ఎదుటివాళ్ళు చెప్పేది మాత్రం వినదు. పిన్ని చేతులు పట్టుకుని, "అమ్మాజీ, ఆ వీడియోలో ఏడుపు ఉంది చూడండి, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అదే కావాలి. ఏడు నిమిషాలు. ఈసారి మా పండగ అంతా దుఃఖం మీదే. బ్లూస్ అంటే దుఃఖమే కదా!" అంది.

ఇక్కడ దాలమ్మ కథ కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. దాలమ్మని కొండల అవతల ఊరికి ఇచ్చారు. మొగుడు ఉప్పు వ్యాపారానికి పోయినప్పుడు, ఉట్టి మీద కుండ పగలగొట్టిందని అత్త ఆమెను గెంటేస్తుంది. కుండ పగలగొట్టింది పిల్లి. వానలో ఊరి దారి మీద కూర్చుని దాలమ్మ ఏడుస్తుంది. అదీ ఇషిత చూసిన ఘట్టం. అన్న బండి కట్టుకుని వస్తాడు, పద అంటాడు. దాలమ్మ కదలదు. "నన్ను గెంటిన ఊరే నాకు బువ్వ పెట్టాలి. పెట్టకుండా నేను లేస్తే ఈ ఊరి పొయ్యిల్లో నిప్పు నిలవదు" అంటుంది. చివరికి ఆ ఊరి ముసలమ్మ ఒకతి తన పొయ్యి మీద కాచిన గంజి తెచ్చి తాగిస్తుంది. అప్పుడు దాలమ్మ లేచి బండి ఎక్కుతుంది.

అందుకే మావైపు ఒక కట్టడి ఉంది. దాలమ్మ ఏడుపు ఎత్తుకుంటే మధ్యలో ఆపకూడదు. కథ చెప్పిన చోటి మనిషెవరో తన పొయ్యి మీద వండింది తెచ్చి పిన్ని చేతిలో పెట్టాలి, పిన్ని అది తినాలి. అక్కడితో కథ ముగుస్తుంది. కొన్న తిండి చెల్లదు, కథ చెప్పేవాళ్ళు వెంట తెచ్చుకున్నదీ చెల్లదు. ఒకవేళ కథ తెగిందా, తెగిన చోటే కూర్చుని ముడి వేసేదాకా ఆ జముకు ముట్టుకోకూడదు.

పిన్ని ఇదంతా చెప్పింది. నేను హిందీలోకి మార్చాను. "ఏడు నిమిసాలే ఐతే దాలమ్మ పెళ్ళి సెప్తాం తల్లీ. పెళ్ళిలో గురయ్య బాగా నవ్విస్తాడు. ఏడుపే కావాలంటే అరగంట కావాలి" అంది.

"పెళ్ళి వద్దు, పెళ్ళిళ్ళు అందరి దగ్గరా ఉన్నాయి" అంది ఇషిత.

నేను ఊరుకోలేకపోయాను. బ్లూస్ పాడినవాళ్ళు ఏడవడానికి పాడలేదనీ, పత్తి చేలల్లో నడుం విరిగిన నల్లజాతి మనుషులు తమ కష్టాన్ని పేరు పెట్టి పిలిచి, దాన్నే వెక్కిరించి, తెల్లారి మళ్ళీ లేవడానికి పాడుకున్నారనీ నేను చదివాను. అదే చెప్పాను. ఏడుపుతో మొదలెట్టి ఏడుపుతోనే ఆపేసే జాతి ఈ భూమ్మీద ఎక్కడా లేదమ్మా అన్నాను.

"వావ్, ఇది మా పేజీలో పెట్టుకోవచ్చా?" అంది ఇషిత. తర్వాత చేతిలో కాగితం చూసుకుని, "ఠీక్ హై, అరగంట ఇస్తాను. ప్రామిస్. మూడున్నరకి మొదలెట్టండి, గంజి తెచ్చే మనిషిని కూడా నేనే చూస్తాను" అంది. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ప్రామిస్ అనే అంది.

గుర్గావ్ మైదానం

శనివారం. ఊరి చివర ఒక పెద్ద మైదానం, చుట్టూ పొడవాటి మేడలు. మెత్తటి గడ్డి తెచ్చి పరిచారు. వెదుళ్ళతో వేదిక, గోనెపట్టాతో తోరణాలు. మా ఊళ్ళో గోనెపట్టా ధాన్యానికి వాడతాం. ఇక్కడ దాన్ని తోరణం కడితే పల్లె అన్నమాట.

తిండి కొట్ల వైపు వెళ్ళాం. ఒక మట్టి ముంతలో పలచటి ఎర్రటి ద్రవం, పైన పుదీనా ఆకు, మూడు వందల యాభై రూపాయలు. పిన్ని వాసన చూసి నా భుజం పట్టుకుంది.

"ఒలమ్మో! ఇది సోడి అంబలే!" సోడి అంటే మావైపు రాగి.

"ప్రాచీన భారతీయ పానీయం" అని హిందీలో చెప్పాడు కొట్టు కుర్రాడు.

"ప్రాచీనమేటి బావూ, పొద్దున్న నాను తాగీసొచ్చినాను" అంది పిన్ని, ఊరు వదిలిన పొద్దుటిని తలుచుకుని. మేం కొనలేదు. ఆంటీజీ కట్టిన పరాఠాలు తిన్నాం.

డేనియల్ ఎదురొచ్చాడు. తల మీద ఈకల కిరీటంలాంటిది ఉంది. మొహం మాడిపోయి ఉంది. "దీదీ, మా ఇంట్లో ఇలాంటిది ఎవరూ పెట్టుకోలేదు. మా తాత పోస్టాఫీసులో గుమాస్తా. ఇది పెట్టుకుంటేనే వేదిక ఎక్కనిస్తారట, ఫోటోలకి బాగుంటుందట" అన్నాడు. అమెరికాలోని కెంటకీ కొండల పాట వాయించడానికి షిల్లాంగ్ కుర్రాడు గుర్గావ్‌లో ఈకలు పెట్టుకోవాలి. ఏ పుస్తకంలోనూ ఇది చదవలేదు నేను.

మూడున్నరకి మమ్మల్ని వేదిక ఎక్కించారు. జనం గడ్డి మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. పిన్ని గజ్జెలు ఘల్లుమనిపించి, సన్నాసి జముకు లాగి, దాలమ్మని వానలోకి తెచ్చారు. భాష రాని జనం కూడా మాటలు ఆపేశారు. అది నా కళ్ళతో చూశాను, అబద్ధం చెప్పను.

"కుండ సంగతి నాను ఎరగనమ్మా, ఎరగనమ్మా" అని పిన్ని మోకాళ్ళ మీద కూలబడింది. జముకు మనిషి గొంతులా మూలిగింది. గురయ్య, అన్న వేషంలో బండి తోలుకుంటూ రావడానికి కండువా తలకి చుట్టుకుంటున్నాడు.

మైకు ఆగిపోయింది.

కరెంటు పోయిందనుకున్నాను. లేదు. ఒక కోటు మనిషి వేదిక ఎక్కి చప్పట్లు కొట్టించాడు. కార్యక్రమానికి డబ్బు పెట్టిన కంపెనీ వాళ్ళు మాట్లాడతారన్నాడు. పిన్ని ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. ఇద్దరు వాలంటీర్లు వచ్చి ఆమె చంకల కింద చేతులు వేసి, ఎంతో మర్యాదగా లేపి, మెట్లు దింపేశారు.

నేను ఇషిత దగ్గరికి పరిగెత్తాను. "మీరు అరగంట అన్నారు!"

"దీదీ, స్పాన్సర్‌కి ఫ్లైట్ ఉంది, వాళ్ళ స్పీచ్ ముందుకి జరిగింది. అయినా ఏం పోయింది? బెస్ట్ పార్ట్ అయిపోయిందిగా. అందరూ ఏడుస్తున్నారు చూడండి!"

"ఆవిడ వానలో కూర్చుని ఉంది."

"ఎవరు?"

నేను వెనక్కి తిరిగి పిన్ని దగ్గరికి వెళ్ళాను.

కింద పిన్ని జముకుని ఎర్రగుడ్డలో చుట్టేస్తోంది. "మా పెద్దమ్మ సెప్పిన కథ ఒకపాలి గాలివానకి తెగిపోనాది" అంది నాతో. "మళ్ళా ఆ ఊరెల్లి ముడి ఏసీదాకా రెండు పంటలు జముకు ముట్టలేదు. కూలికెల్లినాది. గాలివానంటే దేవుడి పని. ఇదేటి రవణమ్మా, మనుసులే తెంపీసినారు." వచ్చే వారం మావైపు మూడు ఊళ్ళలో అమ్మవారి సంబరాలు. ముగ్గురికీ తాంబూలాలు అందాయి. ఏడాదికంతా అదే వాళ్ళ పెద్ద పని. ముడి ఇక్కడే వేయాలి, ఈ నేల మీదే. మా రైలు సోమవారం మధ్యాహ్నం.

అప్పుడే ఒకావిడ మనుషుల్ని తోసుకుంటూ వచ్చింది. పేరు శైలజ, పుట్టిల్లు విజయనగరం, భర్త కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. "దాలమ్మ కథండీ! మా నాయనమ్మ ఊళ్ళో విన్నాను, మళ్ళీ ఇప్పుడు! ఆపేశారేంటండీ మధ్యలో?" వెంట పద్నాలుగేళ్ళ కూతురు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే.

"ఫిర్ క్యా హువా, ఆంటీ?" అని పిన్నినే అడిగింది ఆ పిల్ల. "భాయ్ ఆయా క్యా?"

తర్వాత ఏమైంది, అన్న వచ్చాడా అని. పిన్నికి హిందీ రాదు, కానీ ఆ ప్రశ్న అర్థమైంది. పిల్ల గడ్డం పట్టుకుంది. "బండి కడతన్నాడమ్మా" అని మాత్రం అంది.

నేను అసలు చెప్పాలనుకుంటున్నది ఆ తర్వాత జరిగింది. సాయంత్రం ఆరు గంటల వేళ వేదిక మీద ఒక కుర్రాళ్ళ బృందం ఎక్కింది. కంప్యూటరు, డ్రమ్ములు, గిటార్లు. మొదలుపెట్టారు. స్పీకర్లలోంచి పిన్ని గొంతు. మధ్యాహ్నం మైకులోంచి పట్టి దాచుకున్నారు. "ఎరగనమ్మా, ఎరగనమ్మా, ఎరగనమ్మా, ఎరగనమ్మా." అదొక్క మాటే కోసి, చక్రంలా తిప్పుతున్నారు. కింద డ్రమ్ములు. జనం గ్లాసులు పైకెత్తి ఎగురుతున్నారు.

పిన్ని చెవులు మూసుకోలేదు. నిలబడి వింది. "ఎంతసేపు ఏడిపిస్తార్రా దాన్ని" అంది మెల్లగా. గురయ్య ఆ యాత్రంతటిలో నవ్వించడానికి ప్రయత్నించనిది అప్పుడొక్కసారే.

మా జాకెట్టు ముక్క ఎవరైనా దొంగిలిస్తే పోలీసు స్టేషన్‌కి వెళ్ళొచ్చు. గొంతులోంచి ఏడుపు ముక్క కోసుకెళితే ఎక్కడికి వెళ్ళాలి? దాన్ని వారసత్వానికి నివాళి అన్నారు ఆ కుర్రాళ్ళు. అడిగి తీసుకుంటే నివాళి. చివరిదాకా వింటే నివాళి. అత్త దాలమ్మని ఒకసారే గెంటింది. వీళ్ళు లయ తప్పకుండా గెంటుతూనే ఉన్నారు.

గేటు దగ్గర

ఆదివారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళాం. లోపలికి రానివ్వడానికి మా చేతులకి కట్టిన పట్టీల రంగు శనివారానిది. గేటు దగ్గర యూనిఫాం మనిషి వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యే కల్ కా హై, మేడం."

నిన్నటిదే, మా పని మిగిలిపోయింది, ఒక్క అరగంట అన్నాను. ఏం పని అన్నాడు. చెప్పాను. పాపం శ్రద్ధగానే విన్నాడు. "నా చేతుల్లో లేదు దీదీ" అన్నాడు. ఇషితకి ఫోన్ చేస్తే, ప్రేమగా, చాలా ప్రేమగా, ఈరోజు అంతా నిండిపోయిందనీ, మీ వీడియోని ఎంతోమంది చూస్తున్నారనీ, వచ్చే ఏడు తప్పకుండా పిలుస్తాననీ చెప్పింది.

"పోనీ రైలెక్కాక ఓ స్టేషన్‌లో కూకుని ముడేసిద్దామా అప్పా?" అన్నాడు సన్నాసి అక్కతో.

"దాలమ్మ స్టేషన్‌లో కూకుందేట్రా?" అంది పిన్ని.

లోపల బాంజో వినపడుతోంది. కొంతసేపటికి డేనియల్ బయటికి వచ్చాడు. తల మీద ఈకలు లేవు. "మధ్యలో తీసి మైకు స్టాండుకి తగిలించేశాను. వచ్చే ఏడు నన్ను పిలవరు" అని నవ్వాడు. తర్వాత నా దగ్గరికి వంగి, "రేపు పొద్దున్న వేదిక విప్పుతారు. అప్పుడు గేటు దగ్గర ఎవరూ ఉండరు" అన్నాడు.

మేం చూడకుండా వదిలేసిన ఎర్రకోటలన్నిటికన్నా ఆ మాట విలువైనది.

మళ్ళీ అదే మైదానం

సోమవారం పొద్దున శైలజ తన కారు తెచ్చింది. ఆఫీసరుగారు ఆటోలో ఆఫీసుకి వెళ్ళారట. కూతురు బడి ఎగ్గొట్టింది. డేనియల్, నేను, బృందం ముగ్గురూ ఒకరి మీద ఒకరం ఇరుక్కున్నాం. ఒళ్ళో జముకు పెట్టుకున్న పిన్ని, దారంతా కిటికీలోంచి మేడలు చూస్తూ, "ఇన్ని ఇళ్ళున్నాయి. ఒక్క పొయ్యి దొరకదా" అంది.

మైదానం గుర్తుపట్టలేకపోయాం. గడ్డి చాపల్లా చుట్టి లారీలో పడేస్తున్నారు. తోరణాలు కుప్ప. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన కూలీలు వెదుళ్ళు విప్పుతున్నారు. నెల రోజులుగా అక్కడే టార్పాలిన్ల కింద ఉంటున్నారట. ఆ పండగని కట్టినవాళ్ళు వాళ్ళే. కట్టినవాళ్ళకి పాట వినే చేతి పట్టీ ఎవరూ ఇవ్వలేదు.

వేదిక చెక్కలు ఇంకా కొన్ని ఉన్నాయి. మేస్త్రీని అడిగాను, నా వార్తల హిందీలోనే. "గానా హై? గాఓ" అన్నాడు, పాడాలా, పాడండి అని, అంతే. ఎంత సేపని అడగలేదు.

పిన్ని సరిగ్గా తను మోకాళ్ళ మీద కూలబడిన చోటు వెతుక్కుని మళ్ళీ కూలబడింది. ఎర్రగుడ్డ విప్పింది. సన్నాసి నరం లాగాడు. మైకు లేదు, స్పీకరు లేదు. ఆ తోలు మూలుగు లారీ ఇంజన్ని దాటుకుని వెళ్ళింది. వెదురు మీద ఉన్నవాళ్ళు కిందికి చూశారు. కొందరు దిగారు. గురయ్య కండువా చుట్టుకుని, ఎద్దుల్ని అదిలిస్తూ, బండి చక్రం ఊడిపోయినట్టు కుంటుకుంటూ వచ్చాడు. భాష అక్కర్లేకుండానే కూలీలు పెద్దగా నవ్వారు. శైలజ కూతురు పక్కన ఉన్న కూలీ పిల్లలకి హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. "భాయ్ ఆ గయా. బోల్ రహా హై, చలో. వో నహీ జా రహీ." అన్న వచ్చేశాడు, పద అంటున్నాడు, ఆమె వెళ్ళడం లేదు అని. ఒక్క మాట తప్పు చెప్పలేదు. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటోంది.

దాలమ్మ కదలనంది. ఈ ఊరే నాకు బువ్వ పెట్టాలంది. పిన్ని చెయ్యి చాపి ఆగిపోయింది.

శైలజ ఫ్లాస్కు తెచ్చుకుంది, గంజి కాచి మరీ తెచ్చుకుంది పాపం. మూత తీసి ముందుకి వంగింది. పిన్ని ఆమె చెంప నిమిరింది, గంజి మాత్రం అందుకోలేదు. "నువ్వు మన ఆడపడుచువమ్మా. నీది పుట్టింటి గంజి. ఈ నేల మీద పొయ్యి ఉన్నోలు పెట్టాలి."

నేను లేచి హిందీలో అడుగుదామనుకున్నాను. ఈలోపు శైలజ కూతురు కూలీ ఆడవాళ్ళ వైపు తిరిగి అరిచింది. "ఉసే భూఖ్ లగీ హై! ఇసీ గావ్ కా ఖానా చాహియే!" ఆమెకి ఆకలిగా ఉంది, ఈ ఊరి అన్నమే కావాలట.

ఇటుకల పొయ్యి ముందు కూర్చున్న ఒకావిడ, నా వయసే ఉంటుంది, తల మీద ముసుగు సర్దుకుని లేచింది. రొట్టె సగానికి విరిచి, పప్పులో ముంచి, స్టీలు పళ్ళెంలో పట్టుకుని కింద పడిన మేకులు తప్పించుకుంటూ నడిచి వచ్చింది. పిన్ని ముందు చతికిలబడింది. చేతిలో పెడుతుందనుకున్నాను. నోట్లోనే పెట్టింది.

"ఖా లే బహనా" అంది. "బహుత్ రో లీ."

తిను చెల్లీ, చాలా ఏడ్చావు.

పిన్ని తింది. నమిలి మింగింది. అప్పుడు చీర దులుపుకుని లేచింది. గురయ్య బండి తిప్పాడు, దాలమ్మ ఎక్కింది, సన్నాసి జముకు మీద ఎద్దుల గజ్జెలు మోగించాడు. కూలీ పిల్లలు ఆ బండి వెనక మైదానం చివరిదాకా పరిగెత్తారు.

జముకుని పిన్ని మళ్ళీ చంకలో పెట్టుకుంటుంటే ఇషిత వచ్చింది. సామాను లెక్క చూసుకోవడానికి వచ్చిందట. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు, ఫోను పైకెత్తి పట్టుకునే ఉంది.

"అమ్మాజీ, ఎంత బాగుంది! ఈ వెలుతురు, ఈ విరిగిన వేదిక... ఒక్కసారి, ఆ ఏడుపు ముక్క మాత్రం మళ్ళీ చేస్తారా? ఒక్క నిమిషం."

నేను తెలుగులో చెప్పాను. కోపంగానే చెప్పాను. పిన్నికి కోపం రాలేదు. పళ్ళెం తెచ్చినావిడ భుజం మీద చెయ్యి వేసి నిలబడి, ఇషితని కాసేపు జాలిగా చూసింది.

"ఎవులేడుస్తారమ్మా ఇప్పుడు?" అంది. "అది తినీసి ఇంటికెలిపోనాది."